సంఘం కూడికల్లో ఫోటోలు తీస్తూ పార్ట్‌టైమ్ వ్యాపారం నిలబెట్టుకోవడం

వారమంతా ఉద్యోగం, చేతిలో ఒక మాదిరి కెమెరా, ఆదివారం ఖాళీ. ఈ మూడూ ఉన్నవాళ్ళు సాధారణంగా పెళ్ళి ఫోటోగ్రాఫర్ దగ్గర రెండో కెమెరాగా చేరతారు. అర్ధరాత్రి ముహూర్తాలు, తెల్లారితే ఆఫీసు, నెల తిరిగేసరికి ఒళ్ళు హూనం. ఉద్యోగం వదలకుండా చేసుకోదగ్గ పని ఇంకొకటి ఉంది. మీరు వెళ్ళే చర్చి, లేదా మీ పేటలో ఉన్న చర్చి, దాని చుట్టూ జరిగే చిన్నా పెద్దా కూడికలు. ఎక్కువ భాగం పగటిపూట, ఆదివారాల్లో, సెలవుల్లో జరుగుతాయి. తేదీలు చాలా ముందే తెలుస్తాయి.

ఒక్క సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. డబ్బు సంఘం నుంచి రాదు, సంఘంలోని కుటుంబాల నుంచి వస్తుంది. కానుకల మీద నడిచే సంఘంలో ఫోటోలకని విడిగా పద్దు ఉండదు. ఉన్నా, అది అడిగి పుచ్చుకుంటే నలుగురి నోళ్ళలో పడతారు. అదే నూట యాభై కుటుంబాల సంఘమైతే ఏడాది పొడుగునా ప్రధానాలు (నిశ్చితార్థాలు), పెళ్ళిళ్ళు, గృహప్రతిష్ఠలు, బిడ్డల మొదటి పుట్టినరోజు ప్రార్థనలు, కృతజ్ఞత కూడికలు, జ్ఞాపకార్థ కూడికలు ఉంటూనే ఉంటాయి. వీటికి పెద్ద స్టూడియోవాళ్ళు రారు, వచ్చినా వాళ్ళ రేటు ఇంటివాళ్ళకు అందదు. మీ పని ఉన్నది అక్కడే. ఆరాధనలో తీసే ఫోటోలు ఆ ఇళ్ళ గుమ్మం దాకా మిమ్మల్ని తీసుకెళ్ళే దారి మాత్రమే.

ఏడాదిలో ఎప్పుడు పని ఉంటుంది

ఆషాఢంలో, మూఢంలో ఊళ్ళో పెళ్ళి ఫోటోగ్రాఫర్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. క్రైస్తవ పెళ్ళిళ్ళకు ఆ పట్టింపు లేదు (పాత అలవాటు కొద్దీ పంచాంగం చూసే ఇళ్ళు లేకపోలేదు). ఆ నెలల్లో కెమెరాలు, లైట్లు, మనుషులు అన్నీ చవగ్గా దొరుకుతాయి. అలాగే భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా శ్రమల దినాల్లో క్యాథలిక్, సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో పెళ్ళిళ్ళు బాగా తగ్గిపోతాయి. పెంతెకొస్తు సంఘాల్లో చాలావరకు ఆ నియమం ఉండదు. మీ చుట్టుపక్కల ఏ సంఘాలున్నాయో దాన్నిబట్టి ఆ నలభై రోజులకు వేరే పని చూసుకోండి.

డిసెంబరు మొదటి వారం నుంచే కాలేజీల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో సెమీ క్రిస్మస్‌లు (పండుగకు ముందే చేసుకునే వేడుకలు) మొదలవుతాయి. 25న ఉదయం ఆరాధన, 31 రాత్రి కూడిక, 1న కొత్త సంవత్సరం ఆరాధన. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలు. ఆ జనంలో ప్రింట్లు అమ్మబోతే పోటీ ఎక్కువ, నిలబడే చోటు కూడా దొరకదు. మీ విచారణ (క్యాథలిక్ గుడి పరిధి) నుంచి బయల్దేరే కుటుంబాలతో వెళ్ళి వాళ్ళకే తీయడం నయం. వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతుల (వీబీఎస్) ముగింపు రోజున ప్రతి పిల్లవాడూ స్టేజీ ఎక్కుతాడు, ప్రతి తల్లీ ఆ ఫోటో కొంటుంది. ఇవి కాక మందిర ప్రతిష్ఠ పండుగ, పంటల పండుగ, స్త్రీల సమాజం వార్షికోత్సవం ఉంటాయి. వినాయక చవితి పందిళ్ళు, బతుకమ్మ, కార్తీక వనభోజనాలు కూడా ఇదే పద్ధతిలో చేయవచ్చు. అక్కడ పాస్టరు గారి స్థానంలో ఉత్సవ కమిటీ ఉంటుంది, అంతే తేడా.

మొదట ఎవరితో మాట్లాడాలి

పాస్టరు గారితో, తర్వాత పెద్దల కమిటీలో డబ్బు లెక్క చూసేవారితో, చివరగా యూట్యూబ్ లైవ్ నడిపే కుర్రాళ్ళతో. మూడోవాళ్ళను చాలామంది మర్చిపోతారు. వాళ్ళ కెమెరాకు అడ్డం వెళ్ళారంటే మీ వీపు లైవ్‌లో పది నిమిషాలు కనిపిస్తుంది, మళ్ళీ ఆ మందిరంలో అడుగుపెట్టనివ్వరు. వాళ్ళ కెమెరా ఎక్కడ పెడతారో ముందే చూసుకుని మీ దారి గీసుకోండి. ఆ సంఘంలో ఇప్పటికే ఫోటోలు తీసే తమ్ముడు ఎవరైనా ఉంటే అతన్ని తప్పించే ప్రయత్నం చేయకండి. సహాయకుడిగా పెట్టుకుని డబ్బివ్వండి.

పాస్టరు గారితో ఎలా మాట్లాడాలంటే: “అయ్యగారూ, ఆరాధన ఫోటోలు సంఘానికి ఉచితంగా ఇస్తానండి, అది నా పరిచర్య అనుకోండి. ఆరాధన అయ్యాక బయట కుటుంబ ఫోటో కావాలన్నవాళ్ళకు తీసి, ప్రింటుకు డబ్బు తీసుకుంటాను. ఈ సంగతి ముందు ఆదివారం ప్రకటనల్లో చెప్పిస్తారా?” ఏది ఉచితమో, దేనికి డబ్బో మైకులో ఆయన నోటి నుంచే రావాలి. “మన సంఘం తమ్ముడివే కదా, డబ్బులెందుకు” అనే మాట ఆ ప్రకటనతో చాలావరకు ఆగిపోతుంది. ఆదాయంలో కొంత కానుకగా ఇవ్వాలనుకుంటే మీ ఇష్టం. ఇంత శాతం అని ముందే ఒప్పుకున్నారంటే మాత్రం లెక్కలు అడిగేవాళ్ళు తయారవుతారు.

కెమెరా, లెన్సులు

కొత్త కెమెరా కొనాలన్న తొందర వద్దు. రెండు మెమరీ కార్డులు పట్టే పాత ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, ఉదాహరణకు నికాన్ డీ750 లేదా సోనీ ఏ7 3, ఈ పనికి సరిపోతుంది. బాప్తిస్మం మళ్ళీ చేయించి తీయలేం కాబట్టి రెండో కార్డు అవసరం. 35 ఎంఎం ఎఫ్ 1.8, 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సులతో మొదలుపెట్టండి. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా అయితే 24, 50 తీసుకోండి. దూరం నుంచి తీసే 70–200 జూమ్ లెన్సు పెద్ద మందిరాల్లోనే కావాలి, అది అద్దెకు తెచ్చుకోండి. రెండు ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరు, ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే రెండు గొడుగులు, రెండు స్టాండులు, ఛార్జింగ్ పెట్టే ఏఏ బ్యాటరీలు మూడు సెట్లు. స్టాండుకు కట్టడానికి ఇసుక సంచి, లేదా రెండు లీటర్ల నీళ్ళ సీసా. పిల్లలు పరుగెత్తే ఆవరణలో కట్టని గొడుగు పడిపోకుండా ఉండదు.

మందిరం లోపల వెలుతురు

మన కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ వేగం 1/250 సెకను పెడితే ఒక ఫోటో పచ్చగా, ఇంకోటి చీకటిగా, మరోటి సగం గీతలతో వస్తుంది. 1/100 దగ్గర ఉంచితే ఈ బెడద దాదాపు ఉండదు. కదలిక లేనప్పుడు 1/50 కూడా పనిచేస్తుంది. కెమెరాలో ఈ మినుకును తప్పించే యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. శబ్దం రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ఎల్ఈడీ వెలుతురులో అదే అడ్డగీతలు తెస్తుంది. మెకానికల్ షట్టర్ వాడి, ప్రార్థన జరుగుతున్నంతసేపూ కెమెరా దించేయండి. అందరూ కళ్ళు మూసుకున్న నిశ్శబ్దంలో ‘టక్’ మన్న చప్పుడు గంట ప్రసంగం కంటే ఎక్కువ గుర్తుంటుంది.

ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 1600 నుంచి 6400 దాకా వెళ్ళడానికి భయపడకండి. గుంటూరు, ప్రకాశం వైపు చాలా సంఘాల్లో స్త్రీలంతా తెల్లచీరల్లో వస్తారు. కెమెరా మీటరు ఆ తెలుపంతా చూసి వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటోను మసకబారుస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచాలి. చీకటి స్టేజీ మీద ఒక్క స్పాట్‌లైట్ కింద పాస్టరు గారు నిలబడి ఉంటే దీనికి తలకిందులు, −1 కి దించాలి. స్టేజీకి ఊదా, నీలం లైట్లు వేసే కొత్త మందిరాల్లో ఆ రంగు ముఖం మీద పడితే ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. ఆరాధనకు ముందే లైట్ల తమ్ముడితో “వాక్యం చెప్పేటప్పుడు ముందు నుంచి తెల్ల లైటు ఒకటి వేసి ఉంచు” అని చెప్పుకోండి. అన్నీ రా (RAW) ఫైళ్ళలోనే, అంటే కెమెరా కుదించని ఫైళ్ళలోనే తీయండి.

ఫ్లాష్‌ను సీలింగ్‌కు కొట్టి తీయడం కల్యాణ మండపంలో కుదురుతుంది. ఎత్తైన కమాను కప్పుల కింద వెలుతురు తిరిగి రాదు. ఎర్రటి, పసుపు షామియానా కింద ఆ రంగే తిరిగి వచ్చి అందరికీ కామెర్లు వచ్చినట్టు పడుతుంది. అక్కడ మనుషులను షామియానా అంచుకు తెచ్చి తీయాలి.

మర్యాదల సంగతి: చెప్పులు బయట వదలండి. స్త్రీలు ఒకవైపు చాపల మీద కూర్చునే మందిరాల్లో మగ ఫోటోగ్రాఫర్ ఆ వైపు దగ్గరికి వెళ్ళకూడదు, పక్క గోడ దగ్గర నుంచి 85 తో తీయాలి. ప్రభువు బల్ల సమయంలో తీయవచ్చా అని ముందే అడగండి. వద్దంటే మళ్ళీ ఎప్పుడూ అడగకండి. క్యాథలిక్ గుడిలో దివ్యబలి పూజ జరిగేటప్పుడు ఫ్లాష్ వాడకండి.

బాప్తిస్మం, జ్ఞానస్నానం

ముంచి ఇచ్చే బాప్తిస్మంలో పాస్టరు గారు పక్కన నిలబడి, ఒక చెయ్యి వీపు వెనక, ఒకటి ముందు పెట్టి మనిషిని వెనక్కి వాల్చి లేపుతారు. ఆయనకు ఎదురుపక్క, కాస్త ముందుకు, దాదాపు 45 డిగ్రీల కోణంలో మీరుండాలి. ఆయన వైపే నిలబడితే మోచెయ్యే ముఖాన్ని కప్పేస్తుంది. నీళ్ళలోంచి లేచే క్షణం సెకను కూడా ఉండదు. షట్టర్ 1/500 లేదా ఇంకా వేగంగా పెట్టి, తల నీటిని చీల్చకముందే బర్స్ట్ (వరసగా ఫోటోలు తీయడం) మొదలుపెట్టండి. మందిరం లోపల తొట్టిలో అయితే 1/500 తో లైటు మినుకు సమస్య వస్తుంది. అక్కడ యాంటీ ఫ్లికర్ పెట్టండి, అది లేకపోతే కిటికీలు తెరిపించి పగటి వెలుతురు తెప్పించండి. ఏసీ కారులోంచి నేరుగా కాలువ గట్టుకు దిగితే లెన్సు మీద ఆవిరి పట్టి పది, పదిహేను నిమిషాలు ఏమీ కనిపించదు. బ్యాగు మూసే ఉంచి ముందుగా వచ్చి ఆగండి.

ఒక్కొక్కరికి మూడు ఫోటోలు చాలు. నీళ్ళలోకి దిగడం, లేవడం, గట్టు మీద తువ్వాలు కప్పుకున్నాక పాస్టరు గారితో కలిసి. తడిబట్టలతో మెట్లెక్కే స్త్రీలను తీయకండి, పొరపాటున పడినా తొలగించండి. బాప్తిస్మం ఫోటోలు ఆ మనిషిని అడక్కుండా ఎక్కడా పెట్టకూడదు, మీ ఇన్‌స్టాగ్రామ్‌లో అసలే కాదు. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్ళుంటారు, కాగితాల మీద ఒక మతం, ఆచరణలో ఇంకో మతం ఉన్నవాళ్ళుంటారు. మీరు పెట్టిన ఒక్క ఫోటో వాళ్ళ ఉద్యోగం దాకా వెళ్ళవచ్చు.

పసిబిడ్డల జ్ఞానస్నానంలో, బిషప్ గారు వచ్చే కన్ఫర్మేషన్‌లో వరుస ముఖ్యం. నలభైమంది పిల్లలు ఒకరి వెనక ఒకరు వస్తారు, ఒక్కొక్కరికి ఆయన చెయ్యి తల మీద ఉండేది మూడు నాలుగు సెకన్లు. ముందురోజే పేర్ల జాబితా వరుస ప్రకారం తీసుకుని దాని క్రమంలోనే ఫైళ్ళు ఉంచుకోండి. లేకపోతే తెల్ల దుస్తుల్లో ఒకేలా ఉన్న పిల్లల్లో ఎవరెవరో తర్వాత తేలదు.

సంఘమంతా ఒక్క ఫోటోలో

మనిషికి అడుగున్నర చొప్పున, వరుసకు పాతికమంది అంటే దాదాపు 37 అడుగుల వెడల్పు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 35 ఎంఎం లెన్సుకు ఎంత వెడల్పు గుంపో దాదాపు అంత దూరం కావాలి. అంచులతో కలిపి 40 అడుగులు వెనక్కి జరగాలి. అంత స్థలం లేక 20 ఎంఎం లాంటి లెన్సు వేస్తే చివర నిలబడ్డవాళ్ళ తలలు సాగుతాయి. అంతకంటే వరుసలు పెంచి, కుర్చీ వేసుకునో పిట్టగోడ ఎక్కో పైనుంచి తీయండి. ఎఫ్ 5.6, అయిదారు ఫ్రేములు. పెద్ద గుంపులో ఎవరో ఒకరు రెప్ప వేస్తూనే ఉంటారు.

ఆరాధన అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది, నడినెత్తిన ఎండ. డిసెంబరులో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి మందిరానికి ఉత్తరం పక్క నీడ పడుతుంది. 30 అడుగుల గోడకు దాదాపు 25 అడుగుల దాకా. మే నెలలో ఆ నీడ ఉండదు, వరండానో వేపచెట్టో చూసుకోవాలి.

క్రిస్మస్ రోజు కుటుంబ ఫోటోలు

ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఈ ఒక్క రోజు వస్తుంది, కాబట్టి తప్పులు కూడా ఇక్కడే ఖరీదు. అందరూ కొత్తబట్టల్లో ఉంటారు, దూరాన ఉద్యోగాలు చేసే పిల్లలు ఇంటికి వచ్చి ఉంటారు. ఆరాధనకూ ప్రేమవిందుకూ మధ్య మీకు దొరికేది గంటన్నర. కుటుంబానికి నిమిషంన్నర చొప్పున అరవై కుటుంబాలు.

వెనక 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ముదురురంగు తెర. ఫ్లెక్సీ వద్దు, ఫ్లాష్ వెలుతురుకు అద్దంలా మెరుస్తుంది. కుటుంబాన్ని తెరకు 5 అడుగులు ముందు నిలబెడితే నీడలు తెర మీద పడవు. ఇక్కడ ఒక చిక్కుంది. దగ్గరగా నిలబడి 35 తోనో 50 తోనో తీస్తే కుటుంబం సరిపోతుంది గానీ తెర అంచులు బయటపడి, దాని వెనక బైకులు కనిపిస్తాయి. 85 వేసి 18 అడుగుల దూరం నుంచి తీయండి (క్రాప్ సెన్సర్‌లో 50, 16 అడుగులు). అప్పుడు ఆరుగురి కుటుంబం తెరలోనే ఇముడుతుంది. ఇటూ అటూ 45 డిగ్రీల్లో గొడుగులు, ఏడడుగుల ఎత్తున. కళ్ళద్దాల్లో మెరుపు వస్తే స్టాండు ఇంకో అడుగు లేపండి. మాన్యువల్‌లో 1/125, ఎఫ్ 8, ఐఎస్ఓ 400 పెట్టి, ఫ్లాష్ బలాన్ని మొదటి కుటుంబంతో సరిచేసుకుని ఇక ముట్టుకోకండి. షట్టర్ 1/250 దాటితే సాధారణంగా ఫోటోలో నల్లపట్టీ వస్తుంది.

ఒక సహాయకుడు తప్పనిసరి. అతను నంబరు వేసిన చీటీ మీద పేరు, ఫోను, ఎన్ని ప్రింట్లు అన్నది రాసి, యూపీఐ డబ్బు అప్పుడే తీసుకుంటాడు. ఆ కుటుంబానికి ముందు చీటీని ఒక ఫోటో తీయండి, తర్వాత కుటుంబాన్ని నాలుగు ఫ్రేములు. ఇంటికి వెళ్ళాక ఎవరి ఫోటో ఎవరిదో కెమెరాయే చెబుతుంది. “తర్వాత ఇస్తాం బాబూ” అన్న డబ్బులో సగం రాదు, అడగడం మొహమాటం.

తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలండి. కెమెరా ఫ్రేము నుంచి 6×8 ప్రింటు తీస్తే వెడల్పులో తొమ్మిదో వంతు తెగిపోతుంది, 5×7 కు పదిహేనో వంతు. చివర నిలబడ్డ మేనమామ చెయ్యి తెగిందంటే ఆ ప్రింటు ఉచితంగా మళ్ళీ వేయాల్సిందే. అక్కడికక్కడే ప్రింటు ఇవ్వాలనుకుంటే క్యానన్ సెల్ఫీ లాంటి చిన్న ప్రింటరు ఒక్కో పోస్టుకార్డుకు సుమారు 40 సెకన్లు తీసుకుంటుంది. అరవై కుటుంబాలకు రెండేసి కాపీలంటే క్యూ ముందుకు కదలదు. ల్యాబులో వేయించి తర్వాతి ఆదివారం చర్చి దగ్గర ఇవ్వడం మేలు. ఆ కవర్లు చేతులు మారేటప్పుడే తర్వాతి పని మాట వస్తుంది.

రేటు కట్టుకోవడం

గృహప్రతిష్ఠ లాంటి నాలుగు గంటల పనికి ఎంత అడగాలి? ప్రయాణం గంట, ఏరడం, ఎడిటింగ్ నాలుగు గంటలు, పంపడం గంట. మొత్తం పది గంటలు. గంటకు 250 చాలనుకుంటే 2,500. పెట్రోలు 200, సహాయకుడికి 500. కెమెరా, లెన్సులు 1,20,000 పెట్టి కొని, ఏడాదికి 40 పనుల చొప్పున నాలుగేళ్ళు వాడితే పనికి 750 అరుగుదల. కలిపితే 3,950. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. దీన్ని కట్టకుండా 2,000కి ఒప్పుకునేవాళ్ళు సొంత కెమెరాను కొద్దికొద్దిగా అమ్ముకుంటున్నట్టే. తగ్గించమంటే రేటు తగ్గించకండి, ఫోటోల సంఖ్యో ఆల్బమో తగ్గించండి. జ్ఞాపకార్థ కూడికలకు మాత్రం బేరం పెట్టకండి, అడిగినంతకు చేసిపెట్టండి.

పంపడం, దాచడం

అదే సాయంత్రం 20 ఫోటోలు సంఘం వాట్సాప్ గ్రూపుకు వెళ్ళాలి. వారం తర్వాత పంపిన 400 కంటే ఇవే ఎక్కువ పని తెస్తాయి. మిగతావి డ్రైవ్ లింకుగా, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, అదే ఫైలు ప్రింటుకు ఇచ్చి “ఫోటో మసగ్గా ఉంది” అని మిమ్మల్నే అంటారు. 24 మెగాపిక్సెల్ రా ఫైళ్ళు 800 అంటే 20 జీబీ పైనే. రెండు వేరు హార్డ్‌డిస్కుల్లోకి చేరేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి.

కాగితాలు

ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటకపోతే ఇలాంటి సేవలకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్ళకండి. ప్రభుత్వ ఉద్యోగులకు ముందస్తు అనుమతి లేనిదే వ్యాపారం చేయడానికి సర్వీసు నియమాలు ఒప్పుకోవు. ప్రైవేటు ఉద్యోగులు నియామక పత్రంలో రెండో పని గురించి ఏముందో చదువుకోవాలి. మన 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అందుకని రసీదు మీదే ఒక వాక్యం అచ్చు వేయించండి: “ఈ ఫోటోల్లో కొన్నింటిని నా పని చూపించుకోవడానికి వాడుకోవచ్చు: అవును / వద్దు.” టిక్కు పెట్టించుకుని, పక్కన సంతకం తీసుకోండి. పిల్లల ఫోటోలైతే తల్లిదండ్రుల సంతకం.